పిల్లల్ని బడి మాన్పించి ఇంటిదగ్గరే చదివించొచ్చా? హోమ్ స్కూలింగ్, అన్‌స్కూలింగ్ లాభనష్టాలు



ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చిన కుటుంబాల్లో రెండు మూడేళ్లు గడిచాక ఒక ప్రశ్న మొదలవుతుంది. చేలో మందులు మానేశాం, ఇంట్లో తిండి మార్చుకున్నాం, మరి పిల్లల చదువు సంగతేంటి? పొద్దున్నే బడి బస్సెక్కి చీకటి పడే వేళకి దిగే పిల్లోడికి మన చేలో ఏం పండుతుందో కూడా తెలియకపోతే, ఈ కష్టమంతా ఎవరి కోసం? బందరు, గుడివాడ, అవనిగడ్డ ఎటు వెళ్లినా ఈ మాట వినపడుతోంది. "బడి మాన్పించేసి మేమే చదివించుకుంటే ఎలా ఉంటుందండీ?" అని అడుగుతున్నారు. వీడియోలో ఈ విషయం క్లుప్తంగా చెప్పుకున్నాం. అందులో పట్టని చట్టం, సర్టిఫికెట్లు, ఖర్చుల సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందే ఒక మాట. ఇది మంచిదా చెడ్డదా అంటే అందరి ఇళ్లకీ సరిపోయే జవాబు లేదు. కానీ ఏ ఇంటికైనా ఒక షరతు మాత్రం వర్తిస్తుంది. రేపు ఆ పిల్లే "నేను కాలేజీకి వెళ్తాను" అంటే వెళ్లగలిగే దారి తెరిచి ఉండాలి. మన ఇష్టం కోసం ఆ దారి మూసే హక్కు మనకు లేదు. కింద చెప్పేదంతా ఈ షరతు చుట్టూనే తిరుగుతుంది.

రెండు మాటలకీ తేడా ఏంటి?

హోమ్ స్కూలింగ్ అంటే బడి పని ఇంట్లో జరగడం. పుస్తకాలుంటాయి, టైముంటుంది, ఏ ఏడు ఏం నేర్వాలో ఒక లెక్క ఉంటుంది. చెప్పేది అమ్మో, నాన్నో, తాతయ్యో, ఇంటికొచ్చే టీచరో.

అన్‌స్కూలింగ్ ఇంకో అడుగు ముందుకు పోతుంది. ఇందులో సిలబస్ ఉండదు, టైం టేబుల్ ఉండదు, పరీక్ష ఉండదు. పిల్లకి దేని మీద ఆసక్తి కలిగితే అక్కడి నుంచి చదువు మొదలవుతుంది. జాన్ హోల్ట్ అనే అమెరికా ఉపాధ్యాయుడు 1970లలో ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. పిల్లలు మాటలు నేర్చుకున్నట్టే మిగతావన్నీ నేర్చుకోగలరు, మనం అడ్డం పడకుండా ఉంటే చాలు అని ఆయన నమ్మకం.

దుక్కి దున్నకుండా, బయటి నుంచి ఏమీ వేయకుండా భూమిని నమ్ముకున్నవాళ్లకి ఈ మాట ఇట్టే నచ్చుతుంది. కానీ పోలికని ఎక్కడి వరకు తీసుకెళ్లాలో చూసుకోవాలి. చేలో ఒక పంట పోతే వచ్చే కారుకి సరిదిద్దుకుంటాం. పిల్లకి పదేళ్ల వయసు రెండోసారి రాదు.

చట్టం ఏమంటోంది?

2002లో రాజ్యాంగానికి చేసిన 86వ సవరణతో చదువు ప్రాథమిక హక్కు అయింది. దాని వెనక వచ్చిన విద్యాహక్కు చట్టం 2009, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టంలోని 10వ సెక్షన్ చెబుతోంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకి ఇంత జరిమానా, ఇంత శిక్ష అని మాత్రం అందులో రాయలేదు. హోమ్ స్కూలింగ్ అనే మాట కూడా ఎక్కడా లేదు.

2012లో ఢిల్లీ హైకోర్టులో ఒక కేసు వచ్చినప్పుడు, ఇష్టపడి ఇంటి చదువు ఎంచుకున్నవాళ్లకి ఈ చట్టం అడ్డు కాదని కేంద్రం మొదట చెప్పింది. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది. అంటే మన దేశంలో ఇది స్పష్టంగా అనుమతించిందీ కాదు, శిక్షించేదీ కాదు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇది చట్టబద్ధం. జర్మనీలో దాదాపుగా నిషేధం. మనం ఆ రెండింటి మధ్యలో ఉన్నాం.

ఇదే చట్టంలో మనకి పనికొచ్చేది 4వ సెక్షన్. బడికి వెళ్లని పిల్లని ఎప్పుడు తీసుకెళ్లినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన చదువు అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 14 ఏళ్ల లోపు వెనక్కి వచ్చే తలుపు ఇది. గుర్తుపెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. నలుగురైదుగురు రైతులు కలిసి ఊళ్లో షెడ్డు వేసి, పిల్లలందర్నీ చేర్చి, ఒక టీచర్ని పెట్టి రోజూ నడిపితే దాన్ని బడి కింద లెక్కేసే అవకాశం ఉంది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా అని 18వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి అలాంటి ఆలోచన ఉంటే ముందు మండల విద్యాశాఖాధికారిని కలిసి మాట్లాడండి.

లాభాలు ఏంటి?

*పొలం, ఊరు పాఠంగా మారతాయి.* ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎకరానికి జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. "మన పెరటి మడి 30 సెంట్లు, దానికెంత కావాలో చెప్పమ్మా" అని అడగండి. నీళ్లు 60 లీటర్లు, పేడ 3 కిలోలు, మూత్రం 3 లీటర్లు, బెల్లం 600 గ్రాములు, పిండి 600 గ్రాములు. ఐదో తరగతి పిల్లకి నిష్పత్తి లెక్క ఇంతకంటే బాగా ఎక్కడ ఎక్కుతుంది?

వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలోనే మినుము ఎందుకు చల్లుతామో అడిగితే నేలలోని తేమ గురించి పాఠం. హంసలదీవి దగ్గర అమావాస్యకీ పున్నమికీ పోటు ఎందుకు పెరుగుతుందో అడిగితే చంద్రుడి గురించి పాఠం. పెడన వెళ్లి కలంకారీ అద్దకం చూపిస్తే, కరక్కాయ పట్టించిన గుడ్డకి ఇనుప ద్రావణం తగలగానే నలుపెందుకు తేలుతుందో అడిగితే రసాయన శాస్త్రం. కోడూరు, నాగాయలంక వైపు ఉప్పు తేలిన చేలు చూపించి, చౌడు తట్టుకునే ఎంసీఎం రకాల వరి బందరు పరిశోధనా స్థానంలో ఎందుకు పుట్టిందో చెబితే అదీ పాఠమే.

*పిల్లల వేగం.* ఒకరికి లెక్కలు తొందరగా వస్తాయి, ఒకరికి చదవడం ఆలస్యంగా వస్తుంది. 40 మంది ఉన్న గదిలో టీచరుకి ఎంత మనసున్నా ఒక్కొక్కరి దగ్గర ఆగడం కుదరదు. ఇంట్లో కుదురుతుంది.

*ఒత్తిడి తగ్గడం.* ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పిల్లల్ని హాస్టళ్లలో పెట్టే పద్ధతి మన జిల్లాలో పాతుకుపోయింది. నిద్ర, ఆట, ఇంటి తిండి పిల్లలకి దక్కడం చిన్న విషయం కాదు.

*తెలుగు.* ఇంట్లో చదివే పిల్లకి తెలుగు పుస్తకం చదివే తీరిక ఉంటుంది. తాతయ్య, అమ్మమ్మల మాట, సామెత, లెక్క చెప్పే తీరు అందుతాయి.

నష్టాలు ఏంటి?

*చెప్పే మనిషి కావాలి.* పొలంలో లెక్క ఉంది, నిజమే. కానీ ఆ లెక్కని బయటికి తీసి కాగితం మీద పెట్టించే మనిషి లేకపోతే పిల్లకి మిగిలేది పేడ కలపడం ఒక్కటే. మనూళ్లలో "మేం హోమ్ స్కూలింగ్ చేస్తున్నాం" అని చెప్పేది ఎక్కువగా నాన్న. చేసేది అమ్మ. పాడి, వంట, కలుపు, కషాయాల పని, దాని మీద రోజుకి మూడు నాలుగు గంటల పాఠం. ఆ ఇల్లాలిని కూర్చోబెట్టి అడగకుండా తీసుకున్న నిర్ణయం ఆరు నెలలు కూడా నిలవదు.

*చదువు పనిలోకి జారిపోవడం.* నాట్ల రోజుల్లో కూలీలు దొరకరు. ఇంట్లో పన్నెండేళ్ల పిల్లాడు ఉన్నాడు. "ఈ వారం సాయం చెయ్యరా, పాఠం తర్వాత చూద్దాం" అంటాం. తర్వాత కోతలు, ఆ తర్వాత మినుము పీకుళ్లు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలు సొంత కుటుంబ పనిలో సాయం చేయొచ్చు. అదీ బడి వేళల తర్వాత, లేదా సెలవుల్లో, ప్రమాదం లేని పనుల్లో మాత్రమే. బడే లేని ఇంట్లో బడి వేళలు ఎవరు గీస్తారు? మనమే గీయాలి, గీసి నిలబడాలి.

*తోటి పిల్లలు.* దివిసీమలో చాలా ఊళ్లలో పగలు పది గంటలకి వీధిలో ఒక్క పిల్ల కనపడదు, అందరూ బడిలో ఉంటారు. ఇంట్లో ఉన్న పిల్లకి పెద్దవాళ్లే లోకం అవుతారు. కొట్లాడి మళ్లీ కలవడం, ఓడిపోవడం, వేరే కులం వేరే మతం పిల్లతో ఒకే బెంచీ మీద కూర్చుని అన్నం తినడం ఇంట్లో నేర్పడం చాలా కష్టం.

*ఆడపిల్లల సంగతి.* ఇది గట్టిగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. బడికి వెళ్తున్న పిల్ల అంటే "ఇంకా చదువుకుంటోంది" అని చుట్టాలకి ఒక జవాబుంటుంది. ఇంట్లో ఉన్న పిల్ల విషయంలో ఆ జవాబు ఉండదు. "ఖాళీగానే ఉందిగా, మంచి సంబంధం వచ్చింది" అనే మాట పదిహేనేళ్లకే మొదలవుతుంది.

*డబ్బు.* ఫీజు, బస్సు ఖర్చు మిగులుతాయి. కానీ తల్లికి వందనం కింద వచ్చే సొమ్ము పోతుంది. 2025లో ఒక్కో బిడ్డకి 15,000 ప్రకటించి, బడి నిర్వహణకి 2,000 పక్కనపెట్టి 13,000 తల్లి ఖాతాలో వేశారు. దానికి 75 శాతం హాజరు ఉండాలి. మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, యూనిఫాం కూడా బడితోనే ముడిపడి ఉన్నాయి.

మన జిల్లాలోనే జరిగిన ప్రయోగం

ప్రభుత్వ చదువు వద్దు, మన చదువు మనమే పెట్టుకుందాం అన్న ఆలోచన కృష్ణా జిల్లాకి కొత్త కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. అప్పటికే ఊళ్లో నోబుల్ కాలేజీ ఉంది, ఆ చదువుతో గుమాస్తా ఉద్యోగాలూ వస్తున్నాయి. వీళ్లు మాత్రం పుస్తకంతో పాటు చేతిపని కూడా నేర్పాలన్నారు. పత్తి మీద చేసిన పనికి పత్తి వెంకయ్యగా పేరుపడిన పింగళి వెంకయ్య గారు అక్కడ పనిచేశారు. చిత్రలేఖనంలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర అడివి బాపిరాజు గారు నేర్చుకుని, తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఇందులో మనం చూడాల్సింది ఏంటంటే, వాళ్లు పిల్లల్ని వదిలేయలేదు. సర్కారు బడికి బదులు ఇంకో బడి కట్టారు, గురువుల్ని వెతికి తెచ్చారు, ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. హనుమంతరావు గారు 1922లో కన్నుమూసేదాకా అదే పనిలో ఉన్నారు. బడి నుంచి తప్పుకున్నవాడి మీద బడి కంటే ఎక్కువ బరువు పడుతుందని ఆ చరిత్ర చెబుతోంది.

రెండో ఉదాహరణ కూచిపూడి. అక్కడ తరతరాలుగా పిల్లలు ఇంట్లోనే, తండ్రుల దగ్గరే నాట్యం నేర్చుకున్నారు. ఇంటి చదువుకి ఇంతకంటే గొప్ప సాక్ష్యం దొరకదు. కానీ ఆ చదువు చాలాకాలం మగపిల్లలకే, కొన్ని కుటుంబాలకే దక్కింది. వెంపటి చినసత్యం గారి లాంటి గురువులు మద్రాసు వెళ్లి అందరికీ నేర్పడం మొదలుపెట్టాక ఎందరో ఆడపిల్లలకి తలుపు తెరుచుకుంది. ఇంటి చదువు ఇంటి విద్యతో పాటు ఇంటి హద్దుల్ని కూడా నేర్పుతుంది.

మూడోది గాంధీ గారి ఇల్లు. ఆయన కొడుకుల్ని మామూలు బడులకి పంపలేదు, తనే నేర్పాలనుకున్నారు. పనుల ఒత్తిడిలో వాళ్లకి కావలసినంత సమయం ఇవ్వలేకపోయానని, ఆ లోటు గురించి పిల్లలకి తన మీద ఫిర్యాదు ఉందని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. పెద్దకొడుకు హరిలాల్‌కి తండ్రితో వచ్చిన దూరానికి ఇది ఒక పెద్ద కారణం. అంతటి మనిషికే సమయం చాలలేదు. మనకి చాలుతుందా అని ఒకసారి లెక్కేసుకోవాలి.

బడి దొరకని పిల్లల్ని మర్చిపోవద్దు

నాగాయలంక, కోడూరు మండలాల్లో రొయ్యల చెరువుల కాపలాకి వెళ్లే యానాది కుటుంబాలున్నాయి. ఆ పిల్లలు బడి మానేస్తే దాన్ని ఎవరూ అన్‌స్కూలింగ్ అనరు. మన తెలుగునేల మీదే పుట్టిన ఎం.వి.ఫౌండేషన్, దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారు ఒకే మాట మీద నిలబడ్డారు. పగటిపూట బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని. ఆ పనికే ఆమెకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వేలాది పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చిన అనుభవం అది.

రెండెకరాలున్న, పుస్తకాలున్న, చదువుకున్న అమ్మ ఉన్న ఇల్లు బడి మానడం ఒకటి. అది చూసి పక్కింటి కూలి కుటుంబం "వాళ్లే మాన్పించారు, మనకెందుకు" అనుకోవడం ఇంకొకటి. ఊళ్లో బడి పిల్లల సంఖ్య తగ్గితే ఆ బడినే పక్క ఊరి బడిలో కలిపే పరిస్థితి వస్తుంది. దాని నష్టం మనకి కాదు, వాళ్లకి.

సర్టిఫికెట్ల లెక్క ముందే చూసుకోండి

* పదో తరగతికి రెండు దారులున్నాయి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఏపీ ఓపెన్ స్కూల్ ఒకటి. కేంద్రం నడిపే ఎన్ఐఓఎస్ రెండోది. రెండింట్లోనూ పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కి 15 ఏళ్లు నిండాలి. పది పరీక్ష తెలుగులో రాయొచ్చు.
* ఇంజనీరింగ్ లాంటి సీట్లకి లోకల్ అభ్యర్థి అనిపించుకోవాలంటే వరసగా 4 ఏళ్లు ఇక్కడి విద్యాసంస్థల్లో చదివినట్టు చూపాలి. బడిలో చదవని కాలానికి ఇక్కడే నివాసం ఉన్నట్టు చూపే వీలుంది. నివాస ధ్రువపత్రం తహసీల్దార్ దగ్గర తీసుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు చిరునామాలు అటూ ఇటూ లేకుండా చూసుకోండి.
* రైతులకి ముఖ్యమైనది ఇది. ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఏజీ బీఎస్సీకి రైతు కోటా ఉంది. దానికి భూమితో పాటు, కనీసం 4 ఏళ్లు గ్రామీణ ప్రాంతంలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. పొలంలోనే పెరిగి, పొలంలోనే నేర్చుకున్న పిల్లకి ఆ కాగితం ఉండదు. వ్యవసాయం మీద ప్రేమతో బడి మాన్పించి, వ్యవసాయ కాలేజీలో రైతుబిడ్డగా దక్కాల్సిన సీటు పోగొట్టుకునే పరిస్థితి రాకూడదు.
* నిబంధనలు ఏటా మారొచ్చు. ఆ ఏడు నోటిఫికేషన్ చూసుకోకుండా ఎవరి మాటా నమ్మొద్దు.

మధ్యే దారులు

పూర్తిగా మాన్పించడం, పూర్తిగా అప్పగించేయడం, ఈ రెండే లేవు. మన దగ్గర కుదిరేవి కొన్ని:

1. *ఆరేళ్ల దాకా ఇల్లు.* చట్టం 6 ఏళ్ల నుంచే వర్తిస్తుంది. మూడేళ్లకే ఎల్‌కేజీలో వేయక్కర్లేదు. అంగన్‌వాడీ, పెరడు, కథలు, ఆట చాలు.
2. *ఊరి బడి, ఇంటి పొలం.* నడిచి వెళ్లే దూరంలో ఉన్న మండల పరిషత్ బడిలో చేర్పించండి. బస్సులో పోయే గంటా రెండు గంటలు మిగులుతాయి. ఆ సమయమే పొలం పాఠం. పిల్లకి ఒక సెంటు మడి సొంతంగా ఇచ్చి, విత్తనం నుంచి కోత దాకా నోటు పుస్తకంలో రాయించండి. చాలా కుటుంబాలకి మేం మొదట చెప్పే దారి ఇదే.
3. *ఐదు దాకా ఇల్లు, ఆరు నుంచి బడి.* ఇంట్లో ఖచ్చితంగా చెప్పగలిగేవాళ్లు ఉంటేనే. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్క పేజీల్లో ఉంటాయి. వాటినే వాడితే ఆరులో చేరినప్పుడు ఇబ్బంది ఉండదు.
4. *పూర్తి ఇంటి చదువు, ఓపెన్ స్కూల్ పరీక్ష.* 12 ఏళ్లు దాటాక పరీక్షకి కావలసిన సబ్జెక్టులు మొదలుపెట్టాలి. వారానికి కనీసం మూడు రోజులు వేరే పిల్లలతో కలిసే ఏర్పాటు ఉండాలి.

నిర్ణయానికి ముందు ఇంట్లో అడగాల్సినవి

* పాఠం చెప్పేది ఎవరు? వాళ్ల మిగతా పని ఎవరు పంచుకుంటారు?
* నాట్లు, కోతలప్పుడు కూడా పాఠం ఆగకుండా ఉంటుందా?
* పిల్ల ఇప్పుడు చదువుతున్న తరగతి పుస్తకం తెలుగులో తడుముకోకుండా చదవగలదా? ఆరు నెలల తర్వాత మళ్లీ అదే చూస్తారా?
* మాకు అనారోగ్యం వచ్చినా, అప్పు పడినా ఈ ఏర్పాటు నిలుస్తుందా?
* అన్నిటికంటే ముందు, పిల్ల ఏమంటోంది? ఏడాదికొకసారి ఆ ప్రశ్న మళ్లీ అడుగుతారా?

వీటిలో రెండిటికి జవాబు తడబడినా మాన్పించొద్దు, రెండో దారి పట్టండి. మాన్పిస్తే మాత్రం టీసీ, జనన ధ్రువపత్రం, పిల్ల రాసిన పుస్తకాలు తేదీలతో సహా ఒక ఫైల్లో పెట్టుకోండి. వేసవిలో కూర్చుని, పై తరగతి పుస్తకం పిల్ల చేత చదివించి చూడండి. అందుకోలేకపోతోందని అనిపిస్తే జూన్‌లో బడి తెరవగానే తీసుకెళ్లి చేర్పించండి. అలా చేర్పించడం ఓటమేమీ కాదు. ఆ తలుపు ఉన్నదే అందుకు.

మీ ఇంట్లో ఇలాంటి ప్రయత్నం జరుగుతుంటే, బాగా జరిగినా జరగకపోయినా మాకు రాయండి. తర్వాతి వీడియోలో పిల్లలకి సెంటు మడి ఎలా మొదలుపెట్టించాలో, ఏ నెలలో ఏ విత్తనం ఇవ్వాలో చూద్దాం.